దారికీ ఒక హక్కు ఉంది

తెనాలి జంక్షను నుండి రేపల్లెకు సుమారు 34 కిలోమీటర్ల రైలు మార్గం ఉంది. వేమూరు, భట్టిప్రోలు, పల్లికోన వంటి చిన్న స్టేషన్ల మీదుగా ఆ బండి ప్రతిరోజూ ఎందరో స్త్రీలను మోసుకువెళ్తుంది. కళాశాలకు వెళ్ళే అమ్మాయిలు, ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులు, బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడి పనిచేసే యువతులు, కూరగాయల గంపలతో తల్లులు, గుంటూరు పెద్దాసుపత్రిలో చూపించుకోవడానికి బయలుదేరిన వృద్ధురాళ్ళు అందులో ఉంటారు. అటు బాపట్లలో వ్యవసాయ కళాశాల, ఇంజనీరింగు కళాశాల ఉన్నాయి; చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లలు చదువు కోసం అక్కడికి వస్తూ పోతూ ఉంటారు. 2025 ఆగస్టు 15న రాష్ట్ర ప్రభుత్వం స్త్రీశక్తి పథకం పేరిట ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం కల్పించిన తరువాత రహదారి మీద స్త్రీల రాకపోకలు మరింత పెరిగాయి.

అయితే బస్సు మన గుమ్మం దాకా రాదు. పెద్ద రోడ్డు మీద దింపి వెళ్ళిపోతుంది. అక్కడి నుండి ఊరిలోనికి, వీధిలోనికి, ఇంటి వరకు మిగిలిన రెండు మూడు కిలోమీటర్లు షేరు ఆటోలోనో, కాలినడకనో సాగాలి. చదువుకో ఉద్యోగానికో గుంటూరు, విజయవాడ, హైదరాబాదు చేరిన మన పిల్లలు ఫోనులో పిలిస్తే వచ్చే ఓలా, ఊబర్, ర్యాపిడో బండ్లు ఎక్కుతున్నారు. స్త్రీల భద్రత గురించి మనం చెప్పుకునే మాటలన్నీ పరీక్షకు నిలిచేది ఈ చివరి దూరంలోనే.

ఆ దూరంలో ప్రతి స్త్రీ మనసులో ఒక లెక్క నడుస్తూ ఉంటుంది. ఆటోలో ఏ మూల కూర్చుంటే పక్కవాడి మోచెయ్యి తగలదు? పుస్తకాల సంచి ఒడిలో పెట్టుకోవాలా, పక్కన అడ్డంగా పెట్టుకోవాలా? డ్రైవరు అద్దం సరిచేసుకుంటున్నది వెనుక వచ్చే లారీ కోసమా, తన ముఖం కోసమా? ఎవరితోనూ మాట్లాడకపోయినా ఫోను చెవి దగ్గర పెట్టుకుని, అబ్బా స్టాండు దగ్గరే ఉన్నారని గట్టిగా అనాలా? ఈ లెక్క మన ఇళ్ళలో ప్రతి స్త్రీకీ తెలుసు. అదే ఇంట్లో ఉండే పురుషులలో చాలామందికి ఇటువంటి లెక్క ఒకటుందనే తెలియదు. అందుకే ఈ నెల మాటలు ముఖ్యంగా మన ఇంటి పురుషుల కోసం.

మన ప్రాంతంలోనే జరిగినవి

దూరపు నగరాల సంగతి తరువాత చూద్దాం. ముందుగా మన మూడు పట్టణాల పరిసరాలలో జరిగిన నాలుగు ఘటనలను గుర్తు చేసుకుందాం.

2013లో తెనాలిలో తాగిన మైకంలో ఉన్న యువకులు నడిరోడ్డు మీద ఒక యువతిని వేధించారు. అడ్డుపడిన తల్లి లారీ కింద పడి ప్రాణం కోల్పోయింది.

2022 ఏప్రిల్ 30 రాత్రి ఒక వలస కూలీ కుటుంబం రేపల్లె స్టేషనులో రైలు దిగింది. కృష్ణ దాటి అవతలి జిల్లాలో కూలి పనికి వెళ్ళాలి. ఆ వేళ బస్సు లేదు. భార్యాభర్తలు పిల్లలతో ప్లాట్‌ఫారం మీదనే పడుకున్నారు. ముగ్గురు వచ్చి భర్తను కొట్టి, భార్యను ఈడ్చుకుపోయి అత్యాచారం చేశారు. భర్త సహాయం కోసం చీకటిలో ఊళ్ళోని పోలీసు స్టేషనుకు పరుగెత్తవలసి వచ్చింది. తెల్లవారితే మే 1, కార్మిక దినోత్సవం.

2023 జూన్ 16న బాపట్ల జిల్లా చెరుకుపల్లి మండలంలో పదో తరగతి చదివే ఒక పిల్లవాడు తెల్లవారుజామున ట్యూషనుకు బయలుదేరాడు. తన అక్కను వేధించవద్దని అంతకుముందు ఒక యువకుణ్ణి నిలదీశాడు. ఆ కక్షతో దారి కాచి పెట్రోలు పోసి నిప్పంటించారు. పిల్లవాడు మరణించాడు.

2024 జూన్ 21న అదే జిల్లాలోని చీరాల మండలం ఈపూరుపాలెంలో వేకువనే బహిర్భూమికి వెళ్ళిన ఒక యువతి తిరిగి ఇంటికి రాలేదు. ఆమెపై అత్యాచారం చేసి చంపేశారు. ముఖ్యమంత్రి స్పందించారు, హోం మంత్రి ఆ ఇంటికి వెళ్ళారు, కొద్ది రోజులలోనే నిందితులు పట్టుబడ్డారు. ఆ తల్లిదండ్రుల కడుపుకోత మాత్రం తీరేది కాదు.

ఈ నాలుగింటినీ వరుసగా చదివినప్పుడు ఒక విషయం స్పష్టమవుతుంది. ఆడపిల్లలకు మనం సాధారణంగా చెప్పే జాగ్రత్తలు మూడు: ఒంటరిగా వెళ్ళకు, రాత్రిపూట తిరగకు, ఎవరైనా ఏమైనా అంటే అన్నకో తమ్ముడికో చెప్పు. రేపల్లెలో ఆమె ఒంటరిగా లేదు. భర్త పక్కనే ఉన్నాడు. తెనాలి యువతి వెంట కన్నతల్లి ఉంది. ఈపూరుపాలెం యువతి రాత్రి షికారుకు వెళ్ళలేదు; మరుగుదొడ్డికి బదులు పొదల మాటుకు వెళ్ళింది. చెరుకుపల్లి అక్క కోసం తమ్ముడు నిలబడ్డాడు, అతణ్ణే కాల్చివేశారు. ఆ జాగ్రత్తలు అక్కరలేవని నా ఉద్దేశం కాదు. స్త్రీల కాళ్ళకు మాత్రమే కట్టే జాగ్రత్తతో స్త్రీలకు రక్షణ కలగదని ఈ నాలుగు ఇళ్ళు మనకు చెబుతున్నాయి. అపాయం ఏ వైపు నుండి వస్తున్నదో ఆ వైపు కూడా కట్టుబాటు ఉండాలి.

ముందు ఆదేశం ఎవరికి?

ఇస్లాం బోధన ఈ విషయంలో ఎంతో స్పష్టంగా ఉంది. అన్నూర్ సూరాలో హిజాబుకు సంబంధించిన 31వ ఆయత్ మన ఇళ్ళలో అందరికీ తెలుసు. దానికి ముందున్న 30వ ఆయత్‌ను మనం అంతగా చదవం. విశ్వాసులైన పురుషులు తమ చూపులు క్రిందికి దించుకోవాలని, తమ శీలాన్ని కాపాడుకోవాలని అల్లాహ్ మొదట అక్కడ ఆజ్ఞాపించాడు. ఆ తరువాతనే స్త్రీలను సంబోధించాడు. ఈ వరుస యాదృచ్ఛికం కాదు. ఎదుటి స్త్రీ ఎలా ఉంటే అప్పుడు చూపు దించాలి అనే షరతు ఆ ఆయత్‌లో లేదు. ఆమె ముస్లిమా, ముస్లిమేతరురాలా, బురఖాలో ఉందా, పొలం పనికి చీర ఎగదోపుకుని ఉందా అనే తేడా కూడా లేదు. చూపు పురుషునిది, దాని బాధ్యతా అతనిదే.

దైవప్రవక్త (స) ఒక సందర్భంలో దారుల మీద కూర్చోవద్దని తమ సహచరులను హెచ్చరించారు. మాట్లాడుకోవడానికి మాకు వేరే చోటు లేదని వారు విన్నవించుకున్నారు. అలాగైతే దారికి దాని హక్కు చెల్లించండి అన్న భావంతో ఆయన బదులిచ్చారు. ఆ హక్కు ఏమిటని అడగగా చూపు దించుకోవడం, ఎవరికీ బాధ కలిగించకుండా ఉండటం, సలాముకు జవాబివ్వడం, మంచిని చెప్పడం, చెడును ఆపడం అని వివరించారు. హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది.

ఈ హదీసును మదీనా వీధి నుండి మన వీధికి తెచ్చుకుని చూడండి. టీ కొట్టు ముందు బల్ల, ఆటో స్టాండు, సెల్‌ఫోను రీఛార్జి దుకాణం మెట్లు, మస్జిద్ ఎదుట అరుగు, కళాశాల గేటు ఎదురుగా నిలిపిన మోటారు సైకిళ్ళు: ఇవన్నీ దారులే. అక్కడ కూర్చునే ప్రతి పురుషుడూ ఆ దారికి బాకీ ఉన్నాడు. తాను తప్పు చేయకపోతే చాలదు. పక్కవాడు ఈల వేస్తే ఆపడం కూడా ఆ బాకీలో భాగమే. నలుగురు స్నేహితులలో ఒకడు వెకిలి మాట అని మిగిలిన ముగ్గురు నవ్వినప్పుడు ఆ మాట నలుగురిదీ అవుతుంది. అవసరమైతే ఆ ముగ్గురిలో ఒకడు, ఇక చాలు భాయ్, అనగలిగితే చాలాసార్లు అది అక్కడితో ఆగిపోతుంది. దుర్మార్గం చేసే సోదరునికి కూడా సహాయపడమనీ, అతని చెయ్యి పట్టి ఆపడమే ఆ సహాయమనీ దైవప్రవక్త (స) బోధించిన విషయం మనకు తెలిసిందే.

ఎక్కించుకున్నవాడి ధర్మం

తెనాలి, బాపట్ల, రేపల్లెలలో ఆటో నడిపి కుటుంబాలు పోషించుకునే ముస్లిం సోదరులు ఎందరో ఉన్నారు. నగరాలకు వెళ్ళి కార్లు, బైకు ట్యాక్సీలు నడుపుతున్నవారు కూడా ఉన్నారు. అర్ధరాత్రి నొప్పులు మొదలైన గర్భిణిని డబ్బు మాట ఎత్తకుండా ఆసుపత్రికి చేర్చేవారు, మరచిపోయిన నగల సంచిని వెతుక్కుంటూ వెళ్ళి అప్పగించేవారు వారిలోనే ఉన్నారు. ఈ వృత్తి గౌరవం వారి వల్లనే నిలుస్తున్నది. ఆ గౌరవాన్ని కాపాడుకోవడం కోసమే రెండు సంఘటనలను మనవి చేస్తాను.

మొదటిది హజ్రత్ సఫ్వాన్ బిన్ ముఅత్తల్ (రజి) గారిది. బనూ ముస్తలిక్ యాత్ర నుండి తిరిగి వస్తుండగా హజ్రత్ ఆయిషా (రజి) తన హారం వెతుక్కుంటూ వెనుకబడ్డారు. ఆమె అంబారీలోనే ఉన్నారనుకుని బిడారు సాగిపోయింది. సైన్యం వెనుక వస్తున్న సఫ్వాన్ (రజి) ఎడారిలో ఒంటరిగా ఉన్న ఆమెను గుర్తించారు. ఇన్నా లిల్లాహి అని పలికారు. ఆ తరువాత ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఒంటెను కూర్చోబెట్టారు, ఆమె ఎక్కారు, ముకుతాడు పట్టుకుని ముందు నడిచి మధ్యాహ్నానికి సైన్యాన్ని చేరుకున్నారు. అపరిచిత స్త్రీని గమ్యం చేర్చవలసి వచ్చిన పురుషుడు ఎలా ఉండాలో చెప్పే ఆదర్శం ఇంతకు మించి ఏముంటుంది? అవసరమైన సహాయం, అనవసరమైన మాటకు తావులేని మౌనం, ముందుకు సాగే చూపు.

రెండవది హజ్రత్ మూసా (అ) గారి వృత్తాంతం. అల్ ఖసస్ సూరా 23వ ఆయత్ మొదలుకొని అది వస్తుంది. మద్‌యన్ బావి దగ్గర పశువుల కాపరుల గుంపు నీళ్ళు తోడుతున్నది. ఇద్దరు యువతులు తమ మందను ఆపుకుని దూరంగా నిలబడి ఉన్నారు. సంగతేమిటని మూసా (అ) అడిగారు. ఆ కాపరులు వెళ్ళేదాకా తమకు వీలు కాదనీ, తండ్రి ముసలివాడనీ వారు చెప్పారు. ఆయన వారి మందకు నీళ్ళు పెట్టి, మరుక్షణమే నీడలోకి వెళ్ళిపోయి తన ప్రభువును వేడుకున్నారు. చేసిన సాయానికి పేరు అడగలేదు, ఊరు అడగలేదు, మరోసారి కనపడమని అనలేదు. ఇంటికి వెళ్ళిన తరువాత ఆ యువతులలో ఒకరు ఆయనను పనిలో పెట్టుకోమని తండ్రికి సూచిస్తూ రెండు గుణాలు చెప్పింది: బలం, నమ్మకస్తుడై ఉండటం. పనివానికి ఉండవలసిన అర్హతలుగా మన ధర్మవేత్తలు ఈ రెండింటినే చెబుతూ వచ్చారు. బండి నడిపే నైపుణ్యం బలం. ఎక్కినవారిని అమానత్‌గా భావించడం నమ్మకం. లైసెన్సు మొదటిదానికి మాత్రమే ఇస్తారు. రెండవదానికి లెక్క అల్లాహ్ దగ్గర.

అమానత్ అంటే పెద్ద పెద్ద విషయాలే కాదు. వెనుక కూర్చున్నవారి మీదికి అద్దం తిప్పకపోవడం. పెళ్ళయిందా, ఎక్కడ ఉంటావు, ఒక్కదానివేనా అని అడగకపోవడం. కిరాయి కోసం వచ్చిన ఫోను నంబరును ఆ ప్రయాణంతోనే వదిలివేయడం. రాత్రికి వాట్సాప్‌లో పలకరించకపోవడం. చెప్పిన దారి వదిలి అడ్డదారి పట్టవలసి వస్తే ముందే కారణం చెప్పడం. ఆడవారి పక్కన మగవారిని ఇరికించి కూర్చోబెట్టి నాలుగు రూపాయలు ఎక్కువ సంపాదించే ఆశ మానుకోవడం. చీకటి పడిన తరువాత దింపినప్పుడు ఆమె గుమ్మంలోకి వెళ్ళేదాకా దీపం వేసి ఉంచి, ఆ తరువాత కదలడం. వీటిలో దేనికీ డబ్బు ఖర్చు కాదు.

ఫోనులో పిలిచే బండి

2013 అక్టోబరులో హైదరాబాదు మాదాపూరు ప్రాంతంలో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని క్యాబు అనుకుని ఎక్కిన కారులోనే అపహరణకు, అత్యాచారానికి గురైంది. మరుసటి ఏడాది, 2014 అక్టోబరు 24న, అక్కడ షీ టీములు మొదలయ్యాయి. 2014 జనవరిలో మన పొరుగున ఉన్న మచిలీపట్నం యువతి ముంబయిలో రైలు దిగిన తరువాత కనిపించకుండా పోయి శవమై తేలింది. స్టేషను బయట ఎవరో బండి మీద తీసుకువెళ్తానని నమ్మించారన్నది పోలీసుల వాదన. కింది న్యాయస్థానాలలో శిక్ష పడిన వ్యక్తిని సాక్ష్యం చాలలేదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో నిర్దోషిగా విడుదల చేసింది. ఆ తల్లిదండ్రులకు న్యాయం ఇంకా జరగలేదు. 2014 డిసెంబరులో ఢిల్లీలో ఊబర్ డ్రైవరు చేసిన అత్యాచారం దేశమంతటినీ కదిలించింది. డ్రైవర్ల పూర్వ చరిత్రను సంస్థలు సరిగా పరిశీలిస్తున్నాయా అనే ప్రశ్న అప్పుడే బలంగా వినవచ్చింది. ఆ తరువాత కేంద్రం 2020లో ఇటువంటి సంస్థలకు మార్గదర్శకాలు జారీ చేసి, 2025లో సవరించింది. డ్రైవరు గురించి పోలీసు విచారణ, అతనికి శిక్షణ వాటిలో ఉన్నాయి.

వీటి నుండి మనం నేర్వవలసింది ఏమిటి? యాప్‌లో పిలిచిన బండికి ఒక గుణముంది: దాని ఆనవాలు నిలిచి ఉంటుంది. నంబరు, డ్రైవరు పేరు, ఫొటో, దారి అన్నీ నమోదవుతాయి. స్టేషను బయట చెయ్యి పట్టి పిలిచే బండికి అది ఉండదు. కనుక మన ఆడపిల్లలు ఎక్కబోయే బండి నంబరు యాప్‌లో చూపిన నంబరే అని సరిచూసుకోవాలి. పిన్ సంఖ్య చెప్పకముందు డ్రైవరే తమ పేరు చెప్పగలగాలి. ప్రయాణాన్ని ఇంట్లో ఒకరికి ఫోను ద్వారా పంపాలి. యాప్ రద్దు చేసి చేతికి డబ్బివ్వు, తక్కువకు తీసుకెళ్తా అనే మాటకు ఒప్పుకోరాదు. అలా ఒప్పుకుంటే ఆనవాలు చెరిగిపోతుంది. మామూలు ఆటో అయితే ఎక్కేముందు నంబరు పలక ఫొటో తీసి ఇంటికి పంపితే చాలు. నిజాయితీ గల డ్రైవరు దానికి నొచ్చుకోడు.

పరపురుషునితో ఒంటరిగా ప్రయాణించడం తగునా అని మన పాఠకులలో కొందరికి సందేహం కలుగుతుంది. ఏకాంతం గురించిన హదీసు మొదట పురుషుణ్ణే వారిస్తున్నది: ఏ పురుషుడూ పరస్త్రీతో ఏకాంతంలో ఉండరాదని. కనుక తోటి స్త్రీలతో కలిసి వెళ్ళడం, ఇంటివారు స్టాండు దగ్గరకు ఎదురు రావడం, అవకాశమున్న చోట మహిళా డ్రైవర్ల బండ్లు ఎంచుకోవడం మేలు. 2025లో మెప్మా ద్వారా పొదుపు సంఘాల మహిళలకు విద్యుత్ స్కూటర్లు, ఆటోలు ఇప్పించి ర్యాపిడోతో జతచేశారు. ఇటువంటి ఉపాధిని మన అక్కచెల్లెళ్ళు కూడా అందిపుచ్చుకుంటే ఇద్దరికి మేలు జరుగుతుంది: నడిపేవారికి జీవనం, ఎక్కేవారికి నిశ్చింత. అదే సమయంలో తోడు లేక, గత్యంతరం లేక వెళ్ళిన బిడ్డ మీద నేరం మోపే అధికారం మాత్రం ఎవరికీ లేదు.

చెప్పినందుకు శిక్ష పడని ఇల్లు

ఇప్పుడు అసలు మాట. దారిలో జరిగిన వేధింపులలో ఎన్ని మన ఇంటి గడప దాటి లోపలికి వస్తున్నాయి?

కూతురు ధైర్యం చేసి, అమ్మీ, ఆటోలో ఒకడు రోజూ కాలు తగిలిస్తున్నాడు, అని చెబుతుంది. మనం ఏమంటాం? నువ్వు ఏ బట్టలు వేసుకున్నావు? నువ్వేమైనా నవ్వావా? ఫోను ఇలా ఇవ్వు, చూద్దాం. అబ్బాకు తెలిస్తే చదువు మాన్పిస్తారు. ఆ సాయంత్రానికే పెద్దమ్మకు, చిన్నాన్నకు ఫోన్లు వెళ్తాయి. వారం తిరగకముందే సంబంధాలు చూడటం మొదలవుతుంది. తప్పు చేసినవాడు మరునాడు కూడా అదే ఆటోలో వెళ్తాడు. శిక్ష పడింది చెప్పిన పిల్లకు. దీన్ని ఆమె చెల్లెలు చూస్తుంది. ఆ చెల్లెలు ఇక జీవితంలో ఎన్నడూ ఇంట్లో చెప్పదు. చిన్న వేధింపు దగ్గర నోరు మూసుకున్న పిల్ల, పెద్ద ఆపద ముంచుకొచ్చినప్పుడు కూడా మన వైపు కాకుండా మౌనం వైపే వెళ్తుంది. ఆకతాయిలకు కావలసింది సరిగ్గా ఈ మౌనమే. ఇంట్లో చెబుతానంటావా, చెప్పుకో, నీకే చదువు పోతుంది అని వారు బెదిరించగలుగుతున్నారంటే ఆ ధైర్యం వారికి మనమే ఇచ్చాం.

దైవప్రవక్త (స) కాలంలో జరిగిన ఒక సంఘటనను తిర్మిజీ, అబూ దావూద్ గ్రంథాలలో హజ్రత్ వాయిల్ బిన్ హుజ్ర్ (రజి) ఉల్లేఖించారు. నమాజుకు బయలుదేరిన ఒక స్త్రీపై దారిలో ఒకడు అత్యాచారం చేశాడు. ఆమె కేకలు వేసింది. జనం పొరపాటున వేరొకరిని పట్టి తెచ్చారు. శిక్ష ఖరారయ్యే వేళ అసలు దోషి లేచి ఒప్పుకున్నాడు. ఆమెతో దైవప్రవక్త (స) ఏమన్నారు? చీకటిలో ఎందుకు బయలుదేరావని అడగలేదు. తోడు ఎవరున్నారని అడగలేదు. అల్లాహ్ ఆమెను మన్నించాడని చెప్పి, నిశ్చింతగా వెళ్ళమన్నారు. అన్యాయంగా పట్టుబడిన వ్యక్తిని మంచి మాటలతో ఓదార్చారు. దోషికి శిక్ష విధించారు. బాధితురాలికి నిర్దోషిత్వం, అమాయకునికి గౌరవం, అపరాధికి దండన: ఎవరికి చెందినది వారికి చేరింది. మన ఇళ్ళలో ఈ మూడూ తారుమారు అవుతున్నాయి.

సఫ్వాన్ (రజి) వృత్తాంతంలో రెండవ సగం కూడా మనకు పాఠమే. ఆయన అంత మర్యాదగా ప్రవర్తించినా కపటులు అపనింద పుట్టించారు. నెల రోజుల పాటు మదీనా గుసగుసలాడింది. హజ్రత్ ఆయిషా (రజి) మంచం పట్టారు. చివరికి అల్లాహ్ స్వయంగా అన్నూర్ సూరాలో ఆమె పవిత్రతను ప్రకటించాడు. ఆ మాట విన్న వెంటనే విశ్వాసులు తమవారి గురించి మంచినే ఎందుకు తలచలేదని నిలదీశాడు. శీలవతులపై నింద మోపి నలుగురు సాక్షులను తేలేనివారికి ఎనభై కొరడా దెబ్బల శిక్ష నిర్ణయించాడు. ఎవరి పిల్ల ఎవరి బండి మీద కనిపించిందో వాట్సాప్ గ్రూపులలో ఫొటోలు తిప్పేవారు ఈ ఆయత్‌లను ఒక్కసారి ఆగి చదవాలి. ఇలాంటి గుసగుసల భయమే ఎందరో తల్లిదండ్రులను పోలీసు స్టేషను మెట్లెక్కనివ్వడం లేదు.

మరొక్క మాట. అపాయం ఎప్పుడూ రోడ్డు మీదనే ఉంటుందని అనుకోరాదు. భర్త వైపు దగ్గరి బంధువులు స్త్రీ ఉన్న చోటికి స్వేచ్ఛగా రావడం గురించి అడిగినప్పుడు, దైవప్రవక్త (స) దానిని మరణంతో పోల్చి హెచ్చరించారు. బుఖారీ, ముస్లింలలోని ఈ హదీసు మన ఉమ్మడి కుటుంబాలకు నేరుగా వర్తిస్తుంది. చుట్టమనీ, ట్యూషను మాస్టారనీ, ఏళ్ళ తరబడి పిల్లలను బడికి చేర్చే నమ్మకమైన ఆటో అనీ మనం కళ్ళు మూసుకోకూడదు. ఫలానా మామయ్య దగ్గరికి వెళ్ళనని పిల్ల మొండికేస్తే, పెద్దలను అగౌరవపరుస్తావా అని కోప్పడకముందు కారణం అడగాలి.

చట్టం ఇచ్చిన ఆసరా

ఆపద వేళ 112కు ఫోను చేయాలి. మహిళల సహాయవాణి 181, రైలులోనూ స్టేషనులోనూ 139. 2025 మార్చిలో మన రాష్ట్రంలో శక్తి యాప్, శక్తి బృందాలు వచ్చాయి. ఆ యాప్ ఇంట్లోని ప్రతి స్త్రీ ఫోనులోనూ ఉండాలి, వాడటం కూడా నేర్పాలి.

2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో లైంగిక వేధింపు 75వ సెక్షను కింద, వెంటపడటం 78వ సెక్షను కింద, అసభ్యమైన మాటలు సైగలు 79వ సెక్షను కింద నేరాలు. పదే పదే ఫోను చేయడం, ఇంటర్నెట్‌లో వెంటాడటం కూడా వెంటపడటమే. బాధితురాలు పద్దెనిమిదేళ్ళ లోపు పిల్ల అయితే పోక్సో చట్టం వర్తిస్తుంది. రైలులో జరిగితే రేపల్లె పరిధా, తెనాలి పరిధా అని తిప్పి పంపడానికి వీలు లేదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు నమోదు చేయవలసిందే. ఇటువంటి నేరాలలో బాధితురాలి ఫిర్యాదును మహిళా అధికారి రాసుకోవాలి. అత్యాచార బాధితురాలికి ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి. ఆమె పేరు, ఆనవాళ్ళు బయటపెట్టడం నేరం. పరువు పోతుందనే భయంతో వెనుకాడే తల్లిదండ్రులు ఈ చివరి విషయాన్ని గుర్తుంచుకోవాలి.

జమాఅత్ చేయదగినది

అత్తౌబా సూరా 71వ ఆయత్ విశ్వాసులైన స్త్రీపురుషులను ఒకరికొకరు సహాయకులుగా పేర్కొని, మంచిని ఆజ్ఞాపించడం, చెడును నివారించడం వారందరి లక్షణంగా చెప్పింది. ఈ సహాయం మాటల్లో కాక పనిలో కనిపించాలి. ఏడాదికి ఒక జుమా ఖుత్బా అయినా దారి హక్కు మీద, పురుషుల చూపు మీద సాగాలి. మస్జిద్ కమిటీ పెద్దలు ఆటో స్టాండులోని మన సోదరులను కూర్చోబెట్టుకుని మాట్లాడాలి. పేరు, ఫోను నంబరు ప్రయాణికులకు కనబడేలా బండిలో రాయించాలి. వీధి దీపం వెలగని మలుపు ఎక్కడుందో స్త్రీలను అడిగి తెలుసుకుని మునిసిపాలిటీకి అర్జీ ఇవ్వాలి. మరుగుదొడ్డి లేని ఇల్లు మహల్లాలో ఒక్కటున్నా జకాత్, సదఖాల నుండి కట్టించే ఏర్పాటు చూడాలి. అది ఏ మతం వారి ఇల్లయినా సదఖా చెల్లుతుంది. ఈపూరుపాలెం తరువాత కూడా దీనిని చిన్న విషయం అనుకోవడానికి వీలు లేదు.

కొడుకులున్న తల్లిదండ్రుల బాధ్యత అన్నిటికంటే పెద్దది. ఆడపిల్ల ఎన్ని గంటలకు వచ్చిందో అడిగే ఇంట్లో, మగపిల్లవాడు అంతసేపు ఏ మలుపు దగ్గర నిలబడ్డాడో కూడా అడగాలి. వాడి మీద ఎవరైనా ఫిర్యాదు తెస్తే, మా వాడు అలాంటివాడు కాదని తలుపు వేయకుండా, సొంత మనుషులకు వ్యతిరేకమైనా న్యాయం వైపే నిలవమన్న అన్నిసా 135వ ఆయత్‌ను తలచుకోవాలి.

హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి) చెప్పిన ఒక హదీసు బుఖారీలో ఉంది. దారిదోపిడీల గురించి ఒకరు మొర పెట్టుకున్నప్పుడు దైవప్రవక్త (స) అదీ వైపు తిరిగి, నీవు దీర్ఘకాలం జీవిస్తే ఇరాకులోని హీరా నుండి ఒక స్త్రీ అల్లాహ్‌కు తప్ప ఎవరికీ భయపడకుండా ప్రయాణించి కాబా ప్రదక్షిణ చేయడం చూస్తావని అన్నారు. అదీ మనసులో ఒక ప్రశ్న మెదిలింది: మరి దేశాన్ని అల్లకల్లోలం చేస్తున్న తయ్ తెగ దోపిడీగాళ్ళు ఏమవుతారు? తయ్ ఆయన సొంత తెగ. తన వాళ్ళే దారికి అడ్డమని ఆయన గుర్తించారు. తరువాత అటువంటి ప్రయాణాన్ని తన కళ్ళతో చూశానని కూడా ఆయనే చెప్పారు. రాజ్యం ఎంత విస్తరించింది, ఖజానా ఎంత నిండింది అనేవి వేరు లెక్కలు. ఒక స్త్రీ నిర్భయంగా దారి నడవగలగడాన్ని శాంతికి గుర్తుగా ఆయన (స) చూపించారు.

హీరా నుండి మక్కా ఎంతో దూరం. మనకు అల్లాహ్ అప్పగించినది పెద్ద రోడ్డు నుండి గుమ్మం దాకా ఉన్న కొద్దిపాటి దారి. ఓ అల్లాహ్! మా చూపులకు హయాను, మా చేతులకు అమానత్‌ను, మా నాలుకలకు సత్యాన్ని ప్రసాదించు. మా బిడ్డల మొర వినే హృదయాన్ని మాకివ్వు. దారిలో ప్రాణాలు, గౌరవం కోల్పోయిన వారి కుటుంబాలకు ఓర్పును, న్యాయాన్ని అనుగ్రహించు. ఆమీన్.